గది మోసే బండి

మా చెల్లెలి మొగుణ్ణి అందరూ కాటా అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గాని దానికి తుప్పు పట్టి చాలాకాలమైంది. బ్యాంకులో ఆ పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుని పక్కకి జరిగి దారిస్తాడు. లారీలు తూచే కాటా దగ్గర, కిటికీ వెనక, ముప్పై ఎనిమిదేళ్ళు కూర్చుని రిటైరైన మనిషికి ఇంకో పేరెందుకు?

ఆ గది ఎనిమిదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫ్యాను. బయట నేలకు సమంగా లారీ పట్టేంత ఇనప పలక. లారీ పలక ఎక్కగానే ఇతను కిటికీలోంచి తల బయటపెట్టి, "దిగండి, దిగండి, అందరూ దిగండి" అనేవాడు. మనుషులు దిగాకే తూకం. ఎందుకంటే ఖాళీ లారీ తూచేటప్పుడు టార్పాలిన్ కింద నలుగుర్ని పడుకోబెట్టి తెచ్చే ఘనులుంటారు. ఖాళీ బండి బరువు ఎక్కువ చూపిస్తే సరుకు తక్కువ తేలుతుంది కదా. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు జీపు దిగకుండా, "నేనెవరో తెలుసా?" అన్నాడట. "తెలుసు సార్. డెబ్బై అయిదు, ఎనభై మధ్య ఉంటారు. దిగండి" అన్నాడట కాటా.

నా సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే ఈ కథలో నా మాటకున్న విలువేమిటో చదివేవాళ్ళకు తెలియదు. నేను చదివింది మా ఊరి బళ్ళో ఐదో తరగతి దాకా. ఆ బళ్ళో ఇరవయ్యో ఎక్కం ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. పదమూడో ఏట స్పానరు పట్టాను. నలభై రెండేళ్ళు సొంత షెడ్డు నడిపాను. పందొమ్మిది మందికి పని నేర్పాను, వాళ్ళలో ఏడుగురివి ఇవాళ నా షెడ్డుకన్నా పెద్ద షెడ్లు. మంటలార్పే బండి నడిరోడ్డు మీద ఆగిపోతే, గంట మోగుతుండగానే దాని కింద దూరి పదకొండు నిమిషాల్లో కదిలించాను. ఆ శాఖవారు ఇచ్చిన ప్రశంసాపత్రం మా గోడమీద ఉంది, అద్దం కట్టించాను. స్క్రూడ్రైవరు కొస ఇంజనుకి, పిడి చెవికి ఆనించి, ఈ బండి ఇంకెన్నాళ్ళు బతుకుతుందో చెప్పేవాణ్ణి. చెప్పిన తేదీకి అటో ఇటో నెల.

అంతటివాణ్ణి ఒక్క పాత పికప్ బండి విషయంలో మూడుసార్లు పనికొస్తుందనీ, రెండుసార్లు పనికిరాదనీ చెప్పాను. ఆ అయిదు మాటల్లో ఏది నిజమో నాకు ఈనాటికీ తేలలేదు. ఇతరులకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

చెల్లెలికి కాటాను వెతికింది నేనే. రిపేరయిన లారీలను నడిపి చూసేటప్పుడు ఇతని పలక మీద ఆపి తూకం వేయించేవాణ్ణి. ఒకనాడు ఎవరో లారీ యజమాని కిటికీలోంచి నోట్లు అందించబోతే, "ఇవి కూడా కిందపెట్టి రండి, తూకంలోకొస్తాయి" అన్నాడు. ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి చెల్లెలికి చెప్పాను. "ఎలా ఉంటాడన్నయ్యా?" అంది. "అరవై అయిదు కిలోలుంటాడు. అబద్ధమాడడు" అన్నాను. బండిని చూసినట్టే మనిషినీ చూశాను, గురి తప్పలేదు. అయితే ఒక సంగతి అప్పుడు నాకు తట్టలేదు. అబద్ధమాడని మనిషితో కాపురం చేయడం ఎంత కష్టమో చేసేవాళ్ళకే తెలుస్తుంది.

చెల్లెలు ఆసుపత్రిలో బట్టలుతికేచోట ముప్పై ఏళ్ళు పనిచేసింది. తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ నడుములో రెండు పూసలు అరిగాయి. గంటకు మించి కూర్చోలేదు. గంట కూర్చుంటే అరగంట నడుం వాల్చాలి, లేకపోతే కాళ్ళు మొద్దుబారిపోతాయి. మా అక్క ఉండేదేమో మూడు రోజుల ప్రయాణం. అటు రైలు లేదు, బస్సులు నాలుగు మారాలి. పన్నెండేళ్ళుగా అక్కాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. "అంబులెన్సు మాట్లాడతాను, పడుకుని వెళ్దువుగాని" అన్నానొకసారి. "ప్రాణముండగా నన్నందులో ఎక్కించకు అన్నయ్యా. పోయాక నీ ఇష్టం" అంది.

నిరుడు అక్క దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "కుడికన్ను పోయిందే. ఎడమది కొసప్రాణంతో ఉంది. డాక్టరు ఆరు నెలలంటున్నాడు. ముఖాలు కనిపిస్తుండగానే రావే" అంది. చెల్లెలు ఫోను పెట్టేసింది. పక్కన కూర్చున్న కాటా తూకం చీటీ తిరగేసి వెనకవైపు పెన్సిలుతో ఏదో గీయడం మొదలుపెట్టాడు.

ఆ గీసింది ఒక గది. పికప్ బండి వెనకభాగంలో ఎక్కించుకుని ఊళ్ళు తిరిగే గదులుంటాయి చూడండి, అలాంటిది. గంటసేపు ముందు సీట్లో కూర్చుని ప్రయాణం, అరగంట ఆగి వెనక గదిలో పడక. మామూలుగా అలాంటి గదుల్లో పడక డ్రైవరు నెత్తిమీదకొస్తుంది, నిచ్చెనెక్కాలి. చెల్లెలు ఎక్కలేదు. అందుకని పడక కింద పెట్టించి, దానికి తగ్గట్టు గదిని వెనక్కి పొడిగించాడు. చివర తలుపు పక్కన వంట అరుగు, బీరువా, నీళ్ళ ట్యాంకు. మాకు తెలిసిన వడ్రంగి మూడు నెలలు కష్టపడి చేశాడు. పనయ్యాక గది నాలుగు ఇనప కాళ్ళమీద కాటా ఇంటి పెరట్లో నిలబడింది. మధ్యాహ్నాలు చెల్లెలు అందులోనే పడుకునేది.

"ఎలా ఉందే?" అన్నాను ఒకరోజు.

"చాలా దూరం వచ్చేశాను అన్నయ్యా. కిటికీలోంచి చూస్తే మా పెరడే కనిపిస్తోంది" అంది.

గది ఉంది, బండి లేదు. కొత్తది కొనే స్తోమత కాటాకు లేదు. అక్క చెప్పిన ఆరు నెలల్లో నాలుగు అయిపోయాయి. అప్పుడు మొక్కల నర్సరీ ఆయన తన పాత పికప్ అమ్ముతున్నాడని తెలిసింది. కాటా నా దగ్గరికొచ్చాడు.

"బావగారూ, ఒక బండి చూసి చెప్పాలి. గది మోస్తుందా, మొయ్యదా. ఒక్క మాట చాలు."

"ఒక్క మాటే చెప్తానోయ్. నేనెప్పుడు రెండో మాట చెప్పాను గనక?" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

శనివారం పొద్దున నర్సరీకి వెళ్ళాం. కుండీల వరసల మధ్య తెల్ల పికప్, పదకొండేళ్ళది. ముందు ఒకటే పొడుగు సీటు, ముగ్గురు పడతారు. నేను చెయ్యవలసినవన్నీ చేశాను. సుత్తితో ఛాసిస్ పొడుగునా కొట్టుకుంటూ పోయాను, ఎక్కడా బోలు మోత లేదు. స్క్రూడ్రైవరు చెవికి ఆనించి విన్నాను. ఇంజన్ గుండె నిబ్బరంగా ఉంది. పొగ నల్లగా లేదు, నూనె పాలు విరిగినట్టు లేదు, క్లచ్చి కాలికి బుద్ధిగా లొంగుతోంది. ఆఖర్న వెనక ఇరుసు కింద దూరాను. బరువు మోసే ఉక్కు పట్టీలను మేం కమాన్లంటాం. కంపెనీ ఇచ్చినవి కాక, ఒక్కో వైపు రెండేసి పట్టీలు అదనంగా వేయించి ఉన్నాయి.

"శభాష్! అసలే గట్టి బండి, పైన నడుంపట్టీ కూడా కట్టుకుంది. పనికొస్తుంది" అన్నాను బయటికొచ్చి. మొదటి మాట అది.

"మరేమనుకున్నారు! దీనికి ఏనుగునెక్కించినా, ఇంకో ఏనుగుందా అని అడుగుతుంది" అన్నాడు నర్సరీ ఆయన.

కాటా మాత్రం వంగి ఆ పట్టీల వంకే చూస్తున్నాడు. "ఎందుకు వేయించారండీ ఇవి?" అన్నాడు.

"మట్టి మోస్తాం కదండీ."

"పొడి మట్టా, తడి మట్టా?"

"మట్టి మట్టేనండీ."

"కాదండీ. వాన పడ్డాక అదే లారీ, అదే మట్టి, రెండు టన్నులు ఎక్కువ తూగడం చూశాను నేను. ఒక్కో ట్రిప్పుకి ఎన్ని తట్టలు?"

నర్సరీ ఆయన నావంక చూశాడు, ఈయన కొనడానికొచ్చాడా కేసు పెట్టడానికొచ్చాడా అన్నట్టు. నాకు చిరాకేసింది. "నువ్వు అడుగుతున్నదేమిటోయ్? అదనపు పట్టీలుంటే మోసే బలం పెరుగుతుంది. ఇంత చిన్న విషయం నలభై రెండేళ్ళ సర్వీసువాడికి తెలియదంటావా?"

"పెరుగుతుందేమో బావగారూ. బండి పుస్తకంలో మాత్రం పెరగదు. పుస్తకంలో బండి బరువుతో కలిపి మొత్తం రెండువేల మూడువందల కిలోలు. అంతకు మించితే బ్రేకులకి తెలియదు కదా, మనం పట్టీలు వేయించామని."

ఇదీ ఇతనితో వచ్చిన చిక్కు. తప్పు మాట్లాడడు, అలాగని ఒప్పుకోనూ బుద్ధి కాదు. నర్సరీ ఆయన ఆదివారం ఒక్కరోజు బండి ఇస్తానన్నాడు. సోమవారం సాయంత్రం ఇంకొకాయన వస్తున్నాడట, ఆ లోపల చెప్పాలి.

ఆదివారం పొద్దున్నే ఖాళీ బండిని లారీల కాటా మీద తూచాం. ఇప్పుడక్కడ పనిచేసే ఆవిడ పాత మనిషన్న గౌరవంతో సెలవునాడైనా వచ్చి తాళం తీసింది. మొత్తం వెయ్యిన్నీ అయిదువందల ఎనభై కిలోలు. తర్వాత ముందు చక్రాలొక్కటే పలక మీద ఉంచి తూచాడు, ఎనిమిదివందల అరవై. ఇంటికి తెచ్చి, గది కాళ్ళకింద జాకీలు పెట్టి లేపి, బండిని వెనక్కి నడిపి, గదిని మెల్లగా దాని మీదకి దింపాం. వడ్రంగి, నేను, కాటా, మూడు గంటలు పట్టింది. చెల్లెలు కుర్చీలో కూర్చుని, "ఎడమవైపు, ఎడమవైపు. అయ్యో, నా ఎడమ కాదు, మీ ఎడమ" అంటూ సాయం చేసింది.

మళ్ళీ తూకం పలక దగ్గరికి బయల్దేరాం. నడుపుతున్నది నేను. వీధి మలుపు తిరుగుతుంటే స్టీరింగు చేతిలో దూదిలా తిరిగింది. పవర్ స్టీరింగు బాగా పనిచేస్తోందనుకుని సంతోషించాను. చెల్లెలు కూడా వస్తానంది. ఎనిమిది నిమిషాల దారే కదా అని మధ్యలో కూర్చోబెట్టుకున్నాం, వడ్రంగి సైకిలు మీద వెనకే వచ్చాడు.

పలక ఎక్కగానే కాటా అలవాటుగా, "దిగండి, అందరూ దిగండి" అన్నాడు. దిగాం. మొత్తం రెండువేల రెండువందల ఇరవై. "ఎనభై కిలోలు మిగులు బావగారూ!" అన్నాడు. అతని ముఖం అంతగా వెలగడం నేనెన్నడూ చూడలేదు. తర్వాత ముందు చక్రాలు విడిగా తూచాడు. ఎనిమిదివందలు.

"మీ మిషన్ చెడిపోయిందోయ్" అన్నాను.

"లేదండీ."

"చెడిపోయింది. ఖాళీగా ఉన్నప్పుడు ఎనిమిదివందల అరవై ఉన్న ముందు చక్రాలు, ఆరువందల నలభై కిలోల గది ఎక్కాక ఎనిమిదివందలవుతాయా? తిండి తింటే మనిషి చిక్కిపోయాడన్నట్టుంది నీ లెక్క."

కాటా మళ్ళీ తూచాడు, అదే వచ్చింది. వడ్రంగి పలక కింద ఏమన్నా ఇరుక్కుందేమోనని వంగి చూశాడు. నాకు తల తిరిగిపోయింది. ఇరవయ్యో ఎక్కం ఒప్పజెప్పినవాణ్ణి, కూడిక చేస్తే తీసివేత వస్తోంది. కాసేపు బండి చుట్టూ తిరిగాను. వెనక చక్రాలు దాటి గది ఎంత బయటికొచ్చిందో అడుగులు పెట్టి కొలిచాను, నాలుగున్నర అడుగులు. అప్పుడు గుర్తొచ్చింది, చిన్నప్పుడు ఎద్దుబండిలో గడ్డి వెనక్కి ఎక్కువేస్తే కాడి ఎద్దుల మెడమీద నుంచి లేచిపోయేది. వంట అరుగు, బీరువా, ట్యాంకు, అన్నీ తోకలో ఉన్నాయి. తోక కిందికి లాగుతుంటే ముక్కు పైకి లేస్తోంది. స్టీరింగు దూదిలా తిరిగింది అందుకే. నేనేమో మురిసిపోయాను.

"పనికిరాదు. కొండదారిలో ముందు చక్రాలు మన మాట వినవు" అన్నాను. రెండో మాట అది.

"ఎనభై కిలోలు మిగిలింది కదండీ" అన్నాడు కాటా, చీటీ నా ముఖం ముందు పెట్టి. పాపం, అతని పట్టు దాని మీదే.

చెల్లెలు ఆ చీటీ తీసుకుని చూసింది. "ఇందులో నేనెక్కడున్నాను?" అంది.

"ఏమిటే?"

"బండి ఉంది, గది ఉంది. నేనేది? మీరేరి? నడిపేవాడేడి? నీళ్ళేవి?"

కాటా కిటికీ వంక చూశాడు, చీటీ వంక చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మనుషుల్ని దింపేసి తూచినవాడు, సొంత పెళ్ళాన్ని కూడా దింపేసి లెక్క వేశాడు. నాలుగు నెలలుగా ఎన్ని చీటీలు నింపాడో, ఒక్కదానిలోనూ మనిషి లేడు. అతను పలక అంచుమీద కూర్చుండిపోయాడు. నవ్వాలో ఓదార్చాలో నాకు తెలియలేదు. వడ్రంగి నవ్వేశాడు, చెల్లెలు కళ్ళెర్రజేస్తే ఆపేశాడు.

"వెళ్ళడం కుదరదన్నమాట" అన్నాడు కాటా.

"ఎవరన్నారు? ఆ వంట అరుగు పీకించండి. బీరువా, ట్యాంకు కూడా. దారిలో వండుకు తింటానని నేనడిగానా? నాకు కావలసింది ఆరడుగుల చోటు. అది ఎటూ ఎవరికైనా ఇస్తారు, నాకు కాస్త ముందుగా కావాలి" అంది.

"మూడు నెలల పనమ్మా! ఆ బీరువా తలుపులకి ఒక్క మేకు కొట్టలేదు, అన్నీ చెక్కలో చెక్క దూర్చిన అతుకులే" అన్నాడు వడ్రంగి. కన్నీళ్ళొక్కటే తక్కువ.

"నీ బీరువా మా ఇంట్లో పెట్టుకుంటానయ్యా. రోజూ చూసుకుని నిన్నే తలుచుకుంటాను."

లెక్క వేశాను. తోకలో వంద కిలోలు తీస్తే బరువూ తగ్గుతుంది, ముక్కూ దిగుతుంది. "అలాగైతే పనికొస్తుంది" అన్నాను. మూడో మాట. ఆ సాయంత్రమే గది పెరట్లో దింపేసి, ఖాళీ బండి నర్సరీకి తిరిగిచ్చెయ్యడానికి బయల్దేరుతుంటే, వీధి చివరి దాకా వస్తానని చెల్లెలు ఎక్కింది. వీధిలో గుంతలు మూడే మూడు. మొదటిదానికి పళ్ళు బిగించింది, రెండోదానికి నా మోచెయ్యి పట్టుకుంది. మూడోదానికి, "ఆపు అన్నయ్యా, దిగిపోతాను" అంది. ముఖం పాలిపోయింది.

నేను మెచ్చుకున్న ఆ నడుంపట్టీల పని అది. టన్నుల మట్టి కోసం వేసిన పట్టీలు తేలిక బరువుకి వంగవు. ప్రతి గుంతా నేరుగా కూర్చున్నవాళ్ళ వెన్నుపూసకే తగులుతుంది. బండి కిందకెళ్ళి చూశాను గాని, ఆ సీట్లో నడుం నొప్పి మనిషిని కూర్చోబెట్టి చూడలేదు. నలభై రెండేళ్ళలో ఎన్ని బళ్ళు చూశాను! అన్నీ సరుకు మోసేవే, సరుకు ఎప్పుడూ అమ్మా అనదు. "పనికిరాదు" అన్నాను మళ్ళీ, ఈసారి నాలో నేనే.

సోమవారం పొద్దున్న మా షెడ్డు సామాను పట్టుకుని నర్సరీకి వెళ్ళాను. అదనపు పట్టీలు విప్పి చూడనిస్తేనే బేరమన్నాను. నర్సరీ ఆయన తల పట్టుకున్నాడు. "మొన్న శభాష్ అన్నారు, ఇవాళ విప్పేస్తానంటున్నారు. మీరు ఏ వైపండీ?"

"అదే తెలిస్తే ఇంట్లో కూర్చునేవాణ్ణి కదయ్యా."

అరవై తొమ్మిదేళ్ళ వయసులో నేనొక్కణ్ణే నాలుగు పట్టీలు విప్పి, మిగిలినవి బిగించాను. రెండున్నర గంటలు. ఇవాళ్టి మెకానిక్కులు ఇద్దరు కలిసి చేసినా పూట పడుతుంది. మధ్యాహ్నం చెల్లెల్ని కూర్చోబెట్టుకుని అదే వీధి, అవే మూడు గుంతలు. మూడోది దాటాక, "ఇంకో వీధి పోదాం" అంది. పనికొస్తుందన్నాను. అది అయిదో మాట, ఆఖరిదీను. ఆ సాయంత్రం ఇంకొకాయన వచ్చేలోపల కాటా బండి కొన్నాడు.

వారం రోజుల్లో గది బోసిగా తయారైంది. లోపల పడక, ఒక కిటికీ, ఒక కొక్కెం. ప్రయాణం ముందురోజు మళ్ళీ తూకం పలక మీదకెళ్ళాం. బండి, గది కలిసి రెండువేల నూరు. ముందు చక్రాలు ఎనిమిదివందల యాభై. "చూశావా, ముక్కు దిగింది" అన్నాను గర్వంగా. ఇప్పుడు మనుషుల వంతు. కాటా జీవితంలో మొదటిసారి, "ఎక్కండి" అన్నాడు. నేను, చెల్లెలు, అయిదు లీటర్ల నీళ్ళ డబ్బా, చివర తనూ ఎక్కి, కిటికీలో ఉన్న ఆవిణ్ణి చదవమన్నాడు.

"రెండువేల మూడువందల పదిహేను" అంది ఆవిడ.

నేను బండి స్టార్ట్ చేశాను. కాటా దిగాడు.

"ఎక్కవోయ్, ఎక్కడికి?"

"పదిహేను ఎక్కువుంది బావగారూ."

"పదిహేను కిలోలకి ఏమవుతుంది?"

"ఏమీ అవదు. ముప్పై ఎనిమిదేళ్ళు ప్రతి డ్రైవరూ నాకదే చెప్పాడు."

"నువ్విప్పుడు ఉద్యోగంలో లేవయ్యా బాబూ! ఎవరూ ఆపరు, ఎవరూ తూచరు."

"నాకు తెలుసు కదండీ" అన్నాడు.

పోనీ నేను దిగుతానందామంటే, అతనికి డ్రైవింగు రాదు. లక్ష లారీలు తూచాడు గాని ఒక్కదాని స్టీరింగూ పట్టలేదు. చెల్లెలు దిగితే ప్రయాణమే లేదు. అరిటాకు, ముల్లు సామెతలా ఎటు చూసినా చిరిగేది అతనే. చెల్లెలు ఏడుస్తుందనుకున్నాను. "మూడు రోజులు బస్సులో పోతారా? ఆ బస్సులో మిమ్మల్ని ఎవరు తూచారట?" అంది కోపంగా.

"బస్సు పుస్తకం వేరు" అన్నాడు.

అలాగే జరిగింది. ఏ పూట ఏ బస్సు, ఎక్కడ దిగాలి, మేమెక్కడ ఆగాలి, అన్నీ చీటీల వెనక రాసి నాకొకటి, చెల్లెలికొకటి ఇచ్చాడు. మేం గంట నడిపి అరగంట ఆగుతూ వెళ్ళేవాళ్ళం. రెండోరోజు అతను పాత బస్టాండులో నిలబడ్డాడు, మేం కొత్తదాంట్లో. ఇద్దరం అలా గంటన్నర ఎదురుచూశాం. ఆ గంటన్నరా చెల్లెలు గదిలో పడుకోలేదు, తలుపులో నిలబడి ప్రతి బస్సు దిగేవాళ్ళనీ చూసింది. ఇంత పిచ్చి పట్టుదల మనిషికి నా చెల్లెల్నిచ్చి నేను మేలు చేశానా కీడు చేశానా అని ఆలోచించాను. అతను రెండు అరటిపళ్ళు పట్టుకుని చెమటలు కక్కుతూ కనిపించేసరికి ఆమె చేసిన మొదటి పని తిట్టడం, రెండోది పండు ఒలుచుకోవడం.

బండి మాత్రం ఎక్కడా మొరాయించలేదు. కొండమలుపుల్లో స్టీరింగు మాట విన్నది. అయినా ప్రతి దిగుడులోనూ బ్రేకు మీద కాలు పెట్టినప్పుడల్లా, నేను చెప్పిన అయిదు మాటల్లో ఏదో ఒకటి చెవిలో వినిపించేది. ఏదో చెప్పలేను.

మూడోరోజు మధ్యాహ్నం అక్క ఇంటికి చేరాం. కిరాణా కొట్టు మీద రెండు గదుల ఇల్లు, బావ పోయాక అక్క ఒక్కతే ఉంటోంది. కిందికి దిగి వచ్చి, బండిని చేత్తో ఆ కొస నుంచి ఈ కొసకి తడిమింది. "ఇదేమిట్రా, ఇల్లా, బండా?" అంది. చెల్లెలు దిగగానే గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. ఎడమకన్ను దగ్గరగా తెచ్చి, చెంపా, ముక్కూ, జుట్టూ వరసగా చూసుకుంది. "ముసలిదానివైపోయావే!" అంది. "నీకు కనిపిస్తోందన్నమాట" అంది చెల్లెలు. అరగంట తర్వాత కాటా వచ్చాడు. అక్క అతన్నీ అలాగే చూసింది.

నాలుగు రోజులున్నాం. అయిదోరోజు పొద్దున అక్క పెట్టె సర్దుకుని కూర్చుంది. "మీతో వస్తున్నాను. ఈ కన్నుండగా దీన్ని చూస్తాను, పోయాక దీని గొంతు వింటాను" అంది. ఎవరూ కాదనలేదు. కాటా కిందికెళ్ళి కిరాణా కొట్టులో బస్తాలు తూచే కాటా అడిగి, అక్కను దానిమీద నిలబెట్టాడు, నలభై ఎనిమిది. చీటీ మీద కూడుకున్నాడు, చెరిపాడు, మళ్ళీ కూడుకున్నాడు. "సరిపోతారు. పెట్టె మాత్రం నాతో బస్సులో వస్తుంది" అన్నాడు.

కాటా పెట్టె పట్టుకుని బస్టాండుకు నడిచివెళ్ళాక మేం బయల్దేరాం. మధ్యలో అక్క, అటు చెల్లెలు. పది నిమిషాలు కాగానే అక్క అటూ ఇటూ తడిమి, "మీ ఆయనేడే? మరిచిపోయి వచ్చేశారు!" అంది.

"బస్సులో వస్తున్నాడక్కా" అని, పదిహేను కిలోల సంగతి చెప్పాను.

"నేను నలభై ఎనిమిది ఎక్కాను కదరా. పదిహేనుకి అతన్ని దింపి, నలభై ఎనిమిదిని ఎక్కిస్తారా? ఇదెక్కడి లెక్కర్రా!"

బండి బరువు, గది బరువు, నా బరువు, అన్నీ వరసగా కూడి చెప్పాను. విన్నది. తలూపింది. అరగంటకి మళ్ళీ, "అది సరేగాని, అతనేడి?" అంది. చెల్లెలు కిటికీవైపు తిరిగి నవ్వుకుంటోంది, సాయం చెయ్యదు. మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. రెండోరోజు చెప్పాను. మూడోరోజు పొద్దున చెప్తుంటే మధ్యలో ఎక్కడో లెక్క జారిపోయింది. అక్క అడిగినదాంట్లో తప్పేముందో, కాటా బస్సులో ఎందుకున్నాడో నాకూ అర్థం కావడం మానేసింది.

"చూశావా, నీకూ తెలియదు" అంది అక్క. "దారిలో ఎక్కడైనా అతను కనిపిస్తే ఆపు. నేను అడుగుతాను."